కాంక్రీటు నేల పగుళ్లు: మళ్లీ విచ్చుకోకుండా పూడ్చడం ఎలా?

పోర్టికోలో పగులు కనిపిస్తే చాలామంది చేసే పని ఒకటే. మేస్త్రిని పిలిచి సిమెంటు పాలు పోయిస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది. ఒక వానాకాలం గడిచేసరికి అదే గీత, అదే చోట. “మంచి సిమెంటే వాడాం కదా, మళ్లీ ఎందుకొచ్చింది?” అని అడిగేవాళ్లే ఎక్కువ.

సిమెంటు తప్పేమీ లేదు. పగులు ఇంకా కదులుతోందో లేదో చూడకుండా పూడ్చి ఉంటారు, లేదా లోపలి దుమ్ము తీయకుండా పూడ్చి ఉంటారు. పూడ్చిన చోటే మళ్లీ విచ్చుకున్న పగుళ్లలో ఎక్కువ వాటికి ఈ రెండే కారణాలు.

ఇక్కడ చెప్పేదంతా మట్టి మీద నేరుగా వేసిన కాంక్రీటు గురించి: పోర్టికో, కారు పార్కింగ్, ఇంటి చుట్టూ వేసిన గచ్చు, పశువుల షెడ్డు, గోడౌను, వడ్లు ఆరబోసే కళ్లం. డాబా స్లాబు, బీములు, పిల్లర్లు వేరే సంగతి. సంపు మీద వేసింది కూడా నేలలాగే కనిపిస్తుంది గానీ అది నిజానికి కప్పు. దాని మీద కారు నిలుపుతుంటే, పగులు కనిపించిన రోజే కారు తీసేసి ఇంజినీరుకి చూపించండి.

## 1. కదిలే పగులా, ఆగిపోయిన పగులా?

పని మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఆగిపోయిన పగులుని గట్టి పదార్థంతో పూడ్చవచ్చు. కదిలే పగులుని సాగే పదార్థంతోనే పూడ్చాలి. దీన్ని తారుమారు చేస్తే ఎంత ఖరీదైన సామాను వాడినా దండగే.

కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పోసి ఉంటే ఆరేటప్పుడు అది కుంచించుకుని పగులుతుంది. ఇది చాలావరకు మొదటి ఏడాదిలో జరిగి ఆగిపోతుంది. పైపైన సాలెగూడులా కనిపించే సన్నగీతలు కూడా ఈ కోవే. తడి కాంక్రీటు మీద పొడి సిమెంటు చల్లి నున్నగా రుద్దడం మన దగ్గర బాగా అలవాటు, ఆ గీతల్లో సగం దాని పుణ్యమే. వాటివల్ల ప్రమాదం లేదు.

మట్టి ఫిల్లింగ్ సరిగా దిమ్మిస కొట్టకుండా వేస్తే నేల కుంగి పగులుతుంది. అప్పుడు ఒక పక్క కిందికి దిగినట్టు తెలుస్తుంది. పల్నాడు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేలల్లో కథ ఇంకోలా ఉంటుంది. వానకి మట్టి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిచ్చి కుంచించుకుంటుంది. పైనున్న కాంక్రీటు ఏటా లేస్తూ దిగుతూ ఉంటుంది కాబట్టి ఆ పగులు ఆగదు.

జాయింట్లు లేకుండా ఒకే ముక్కగా పరిచిన నేల తనంతట తానే ఎక్కడో ఒకచోట జాయింటు చేసుకుంటుంది. అది ఎక్కువగా పిల్లరు మూల నుంచో, సంపు మూత మూల నుంచో ఏటవాలుగా మొదలవుతుంది. ఎండ నేరుగా పడే చోట అలాంటి పగులు వేడికీ చలికీ రోజూ కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది.

ఇప్పుడు పరీక్షలు.

కొట్టి వినండి. సుత్తితో పగులుకి రెండు వైపులా అడుగు దూరం వరకు మెల్లగా తట్టండి. గట్టి చప్పుడు వస్తే సరే. డొల్ల శబ్దం వస్తే కింద మట్టి జారి ఖాళీ ఏర్పడింది, లేదా పైపొర ఊడి ఉంది. డొల్ల ఉన్న మేర సుద్దతో గీసి పెట్టుకోండి.

మట్టం చూడండి. అల్యూమినియం బద్దని పగులుకి అడ్డంగా పెట్టండి. ఒకవైపు బద్ద కింద సందు కనిపిస్తే ఆ పక్క కుంగింది.

వెడల్పు చూడండి. ఏటీఎం కార్డు మందం సుమారు 0.76 మి.మీ. కార్డు అంచు పగులులోకి దిగకపోతే అది సన్న పగులు. వదులుగా దిగితే మిల్లీమీటరు, ఆపైన అనుకోవచ్చు.

కదలిక చూడండి. పగులుకి రెండు పక్కలా నాలుగంగుళాల దూరంలో రెండు చిన్న స్క్రూలు బిగించి, వాటి మధ్య దూరాన్ని డిజిటల్ కాలిపర్‌తో కొలిచి, తేదీతో రాసి పెట్టండి. వారానికోసారి, ఎప్పుడూ ఒకే వేళకి కొలవండి. మధ్యాహ్నం కాంక్రీటు వేడికి వ్యాకోచించి పగులు సన్నబడుతుంది, తెల్లవారుజామున వెడల్పుగా ఉంటుంది. వేళ మారితే లెక్క తప్పుతుంది. కాలిపర్ లేకపోతే పల్చటి గాజు ముక్కని పగులుకి అడ్డంగా ఆరల్డైట్‌తో అంటించండి. నేల కదిలితే గాజు విరుగుతుంది. ఎవరూ నడవని మూలలోనే పెట్టండి.

ఎన్నాళ్లు చూడాలి? మామూలు నేలైతే ఒక నెల. నల్లరేగడిలో అయితే ఒక ఎండాకాలం, ఒక వానాకాలం రెండూ చూస్తేగానీ అసలు సంగతి తేలదు. అంత ఓపిక లేకపోతే అది కదిలేదే అనుకుని పని మొదలుపెట్టండి, నష్టం లేదు.

## 2. ఏ పగులుకి ఏ పద్ధతి?

- 0.3 మి.మీ. లోపు సన్నగీతలు, సాలెగూడు గీతలు: వదిలేయవచ్చు. నీళ్లు ఇంకుతున్నాయని అనుమానం ఉంటే లేటెక్స్ (సిమెంటు పట్టు పెంచే పాలలాంటి ద్రవం) కలిపిన పల్చటి సిమెంటు పాలు బ్రష్‌తో రుద్ది, పైన మిగిలింది తుడిచేస్తే సరి.
- ఆగిపోయిన పగులు, 0.3 నుంచి 3 మి.మీ. వరకు: పల్చటి ఎపాక్సీ, అంటే రెండు డబ్బాలవి కలిపితే గట్టిపడే జిగురు (6వ భాగం).
- ఆగిపోయిన పగులు, 3 మి.మీ. కన్నా ఎక్కువ, లేదా అంచులు రాలినది: పాలిమర్ మాలు, అంటే లేటెక్స్ కలిపిన సిమెంటు మాలు (5వ భాగం).
- కదిలే పగులు, ఎంత వెడల్పైనా: పీయూ (పాలీయురెథేన్) సీలెంట్, అంటే సాగే పూడిక (7వ భాగం).
- డొల్ల శబ్దం వచ్చేది, ఒక పక్క కుంగినది, ముక్కలు ముక్కలుగా అయినది: ఆ భాగాన్ని గడిగా కోసి తీసేసి మళ్లీ వేయడం (8వ భాగం).

నేల పగులు గోడలోకి కూడా పాకితే, తలుపులు పట్టేస్తుంటే, వారం వారం పగులు పెరుగుతుంటే ఇవేవీ చేయకండి. అది పునాది సమస్య కావచ్చు, ఇంజినీరు చూడాలి. ఎర్రటి తుప్పు మరక పగులు వెంబడి కనిపించినా అంతే. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతోందన్నమాట, పైన ఏం పూసినా తోసుకుని బయటికి వస్తుంది.

## 3. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

దీన్ని అందరూ ఆఖరికి వదిలేస్తారు. పగులు కింద మట్టిని కోసేది నీళ్లే. డాబా మీద నుంచి దిగే పైపు నేరుగా గచ్చు పక్కన పడుతుంటే, కారు కడిగిన నీళ్లు పగులు దగ్గరే నిలుస్తుంటే, కింద పోయే పైపు కారుతుంటే ముందు అవి బాగు చేయాలి.

- ఒక బకెట్ నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూడండి. వాటం ఇంటివైపు ఉంటే సమస్య అక్కడే ఉంది.
- మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి ట్యాంకు మట్టం తగ్గితే ఎక్కడో లీకు ఉంది.
- వానపైపు చివర మోరీలోకి గానీ, ఇంకుడు గుంతలోకి గానీ వెళ్లాలి.
- గచ్చు అంచుకి ఆనుకుని పెద్ద చెట్టు ఉంటే వేరు వల్ల నేల లేచిందేమో చూడండి.

## 4. కోత, శుభ్రం: సగం రోజు దీనికే

పూడ్చడం గంట పని. దానికి ముందు చేసే పనే ఎక్కువ సమయం తీసుకుంటుంది, తీసుకోవాలి కూడా.

కావలసినవి:

- నాలుగంగుళాల గ్రైండర్, దానికి కాంక్రీటు కోసే డైమండ్ బ్లేడు
- సన్న ఉలి, రెండు పౌన్ల సుత్తి
- ఇనుప బ్రష్, పెయింట్ బ్రష్
- బ్లోవర్ లేదా వ్యాక్యూమ్ క్లీనర్
- కళ్లద్దాలు, ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, చెవులకి ప్లగ్గులు

మాస్కు విషయంలో మొహమాటం వద్దు. కాంక్రీటు కోసినప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తలగుడ్డ దాన్ని ఆపదు. పని చేసే మేస్త్రికి కూడా మీరే ఒక మాస్కు కొని ఇవ్వండి.

కోసే ముందు నేల కింద కరెంటు తీగల పైపు, బోరు పైపు, డ్రైనేజీ ఎటు పోతున్నాయో తెలుసుకోండి. గ్రైండర్ వాడే లైనుకి ఆర్సీసీబీ (షాక్ కొడితే కరెంటు ఆపే స్విచ్చు) ఉండాలి. తడి నేల మీద నిలబడి గ్రైండర్ పట్టుకోకండి.

కోత వరస:

1. పగులు వెంబడి రెండు పక్కలా సుద్దతో గీతలు గీయండి. పాలిమర్ మాలు పెట్టేదైతే గాడి వెడల్పు 20 మి.మీ., లోతు 25 మి.మీ. ఉండేలా చూసుకోండి. సీలెంట్ అయితే 12 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. లోతు.
2. గీతల మీద గ్రైండర్‌తో నిలువుగా కోయండి. ఒకేసారి లోతుకి దించకుండా రెండు మూడు సార్లుగా కోస్తే బ్లేడు పట్టేయదు.
3. మధ్య భాగాన్ని ఉలితో తీసేయండి. మాలు పెట్టే గాడి అడుగున పైకంటే కొంచెం వెడల్పుగా ఉంటే మాలు పైకి లేవదు.
4. పగులు రెండు కొసలు దాటి మరో రెండంగుళాల వరకు గాడి తీయండి. కంటికి కనిపించని సన్నగీత అక్కడి వరకు ఉంటుంది.

చాలామంది మేస్త్రీలు పైన వెడల్పుగా, అడుగున సన్నగా “వి” ఆకారంలో చెక్కుతారు. ఎపాక్సీకి అది పర్వాలేదు. మాలుకి మాత్రం వద్దు, ఎందుకంటే అంచుల దగ్గర మాలు పల్చగా అయిపోయి బండి చక్రం పడగానే పెచ్చులూడుతుంది.

శుభ్రం వరస:

1. ఇనుప బ్రష్‌తో గాడి గోడలు గట్టిగా రుద్దండి.
2. బ్లోవర్‌తో ఒక కొస నుంచి ఇంకో కొసకి ఊదండి. చీపురు దుమ్ముని లోపలికే నెడుతుంది.
3. నూనె, గ్రీజు మరకలుంటే బట్టల సబ్బు పొడి కలిపిన వేడినీళ్లతో రుద్ది కడగండి. కారు కింద ఇది తప్పదు.
4. కడిగాక పూర్తిగా ఆరనివ్వండి. మాలు పెట్టాలంటే మళ్లీ తడపాల్సిందే, అయినా ముందు ఆరితేనే మిగిలిన దుమ్ము కనిపిస్తుంది.
5. నల్లటి గుడ్డతో గాడి లోపల తుడవండి. తెల్లగా అంటుకుంటే మళ్లీ ఊదండి.

## 5. పద్ధతి ఒకటి: పాలిమర్ మాలు

మామూలు సిమెంటు మాలు పాత కాంక్రీటుకి సరిగా అతుక్కోదు, ఆరేటప్పుడు అంచు విడిచి సన్న సందు చేస్తుంది. అందులో ఎస్‌బీఆర్ లేటెక్స్ అనే పాలలాంటి ద్రవం కలిపితే పట్టు పెరుగుతుంది. డాక్టర్ ఫిక్సిట్ వాళ్ల పిడిక్రీట్ యూఆర్‌పీ ఈ రకమే, ఫోస్‌రాక్, సికా లాంటి కంపెనీలవీ దొరుకుతాయి. ఏదైనా పర్వాలేదు, డబ్బా మీద గడువు తేదీ మాత్రం చూడండి.

10 మీటర్ల పగులుకి లెక్క (20 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. లోతు): సుమారు 5 లీటర్ల మాలు. అంటే సిమెంటు రెండున్నర కిలోలు, జల్లించిన ఇసుక ఏడున్నర కిలోలు, లేటెక్స్ పావు లీటరు నుంచి అర లీటరు వరకు. పైగా లేటెక్స్ పూతకి కొంచెం సిమెంటు వేరుగా ఉంచుకోండి.

సిమెంటు మూడు నెలలు దాటని బస్తాలోది, గడ్డలు లేనిది కావాలి. ఇసుకలో మట్టి ఉండకూడదు. గాజు సీసాలో కొంచెం ఇసుక, నీళ్లు పోసి ఊపి గంటసేపు ఉంచండి, పైన మందంగా బురద పొర తేరితే ఆ ఇసుక కడగాలి. రోబో శాండ్ అయితే ప్లాస్టరింగ్ రకం అడగండి. కోస్తా ఊళ్లలో సముద్రపు ఒడ్డు ఇసుక మాత్రం ముట్టుకోకండి, అందులో ఉప్పు ఉంటుంది.

1. ముందు రోజు సాయంత్రం గాడిని బాగా తడపండి. పొద్దున మళ్లీ ఒకసారి తడిపి, స్పాంజితో నిలిచిన నీళ్లు అద్దేయండి. లోపల చెమ్మ ఉండాలి, పైన నీటి మెరుపు ఉండకూడదు.
2. ఇసుక, సిమెంటు పొడిగా ఒకే రంగు వచ్చేవరకు కలపండి. తర్వాత లేటెక్స్ పోసి, నీళ్లు కొద్దికొద్దిగా చల్లండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. మామూలు మాలు కంటే పొడిగా అనిపిస్తుంది, అది సరైనదే.
3. లేటెక్స్, నీళ్లు, సిమెంటు కలిపి పెయింట్ అంత చిక్కగా పూత చేయండి. పాళ్లు డబ్బా మీద ఉంటాయి. పెయింట్ బ్రష్‌తో గాడి అడుగుకీ గోడలకీ పట్టించండి.
4. పూత వేలికి జిగురుగా అంటుకుంటున్నప్పుడే మాలు పెట్టాలి. పూత ఆరితే అది అతికించదు, విడదీసే పొరగా మారుతుంది. కాబట్టి ఒకేసారి పది మీటర్లకి పూయకండి, రెండు మీటర్లు పూసి, నింపి, ముందుకు జరగండి.
5. మాలుని రెండు పొరలుగా పెట్టి, సన్నటి చెక్క ముక్కతో కుదించండి. వేలితో పాముతూ పోతే అడుగున గాలి మిగిలిపోతుంది.
6. పైన నేల మట్టానికి బద్దతో లాగి, కొంచెం బిగిసాక తాపీతో సర్దండి. ఎక్కువ రుద్దకండి. పార్కింగ్ అయితే చివర తడి స్పాంజితో గరుకు చేస్తే టైరు జారదు.

కలిపిన మాలు అరగంట, ముప్పావుగంటలో వాడేయాలి. గట్టిపడుతుంటే నీళ్లు పోసి మెత్తబరచడం మేస్త్రీల అలవాటు. ఒప్పుకోకండి, పారేయించండి. తక్కువ తక్కువగా కలిపితే ఆ గొడవే ఉండదు.

క్యూరింగ్: ఇక్కడ మామూలు సిమెంటు పనికీ దీనికీ తేడా ఉంది. లేటెక్స్ తన పొర కట్టుకోవాలంటే ఆరాలి. అందుకని మొదటి ఒకటి రెండు రోజులు తడి గోనెసంచీ, దాని మీద ప్లాస్టిక్ కప్పి, తర్వాత తీసేసి గాలికి ఆరనివ్వడం మామూలు పద్ధతి. వారం రోజులు నీళ్లు నిలబెట్టడం దీనికి పనికిరాదు. డబ్బా మీద వేరే ఏమైనా రాసి ఉంటే అదే పాటించండి. నడవడానికి రెండు రోజులు, కారుకి వారం ఆగండి.

## 6. పద్ధతి రెండు: సన్న పగులుకి ఎపాక్సీ

రెసిన్, హార్డెనర్ అని రెండు డబ్బాలు వస్తాయి. కాంక్రీటు పగుళ్ల కోసం చేసిన పల్చటి రకం అడగండి. అది తన బరువుకే పగులులోకి దిగుతుంది.

మాలుకి చెమ్మ కావాలి, ఎపాక్సీకి చెమ్మ శత్రువు. వాన పడిన వారంలో, పొద్దుటి మంచులో ఈ పని పెట్టుకోకండి. అడుగు కొలత ప్లాస్టిక్ షీటు నేలకి నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున షీటు లోపలి వైపు తడి కనిపిస్తే ఇంకా ఆరలేదు.

1. పగులు నోరు ఉలితో లేదా గ్రైండర్‌తో 5 మి.మీ. వరకు “వి” ఆకారంలో తెరిచి ఊదండి.
2. రెండు పక్కలా మాస్కింగ్ టేపు అంటించండి, నేల మరక కాకుండా.
3. రెసిన్, హార్డెనర్ డబ్బా మీద చెప్పిన పాళ్లలో, కంటి అంచనాతో కాకుండా తూచి గానీ కొలిచి గానీ కలపండి. మూడు నిమిషాలు, గిన్నె అడుగు, అంచులు కూడా గోకుతూ కలపాలి.
4. సన్నటి ధారగా పోయండి. కాసేపటికి మట్టం దిగుతుంది, మళ్లీ పోయండి. దిగడం ఆగేవరకు.
5. ఎంత పోసినా దిగుతూనే ఉంటే అది కింద మట్టిలోకి పోతోంది. ఆపి, పగులులో పొడి సన్న ఇసుక కొంచెం దించి మళ్లీ మొదలుపెట్టండి.
6. చివర పైన పొడి ఇసుక చల్లితే మెరుపు పోయి నేల రంగులో కలుస్తుంది.
7. టేపు ఎపాక్సీ గట్టిపడక ముందే తీసేయండి.

మే నెల ఎండలో ఎపాక్సీ చాలా త్వరగా బిగుస్తుంది. గిన్నెలో ముద్దగా ఉంచితే తన వేడికే పొగలు కక్కుతుంది. తక్కువ తక్కువగా కలపండి, పొద్దున్నే చేయండి, డబ్బాలు నీడలో ఉంచండి. చేతికి అంటితే థిన్నర్ వాడకండి, గుడ్డతో తుడిచి సబ్బుతో కడగండి. నడకకి ఒక రోజు, బండికి వారం. ఎండ నేరుగా పడే చోట ఎపాక్సీ పచ్చబడుతుంది, బలానికేమీ కాదు.

## 7. పద్ధతి మూడు: కదిలే పగులుకి పీయూ సీలెంట్

కదిలే పగులుని మూసేయాలనుకోవడమే పొరపాటు. దాన్ని శుభ్రమైన జాయింటుగా మార్చి, నీళ్లు దిగకుండా చేయాలి. ఇది మేస్త్రీలకి అంతగా అలవాటు లేని పని, కాబట్టి దగ్గరుండి చూసుకోవాలి. నిజానికి ఇది ఇంట్లోవాళ్లే చేసుకోగలిగినంత తేలిక.

కావలసినవి: పాలీయురెథేన్ సీలెంట్ (నేలకి, బండ్లు తిరిగే చోటుకి పనికొచ్చే రకం), దాని గన్, గాడి కన్నా పావు వంతు లావైన బ్యాకర్ రాడ్, మాస్కింగ్ టేపు, సబ్బునీళ్లు. బ్యాకర్ రాడ్ అంటే నురగలాంటి మెత్తటి తాడు. 12 మి.మీ. గాడికి 15 మి.మీ. రాడ్ సరిపోతుంది.

1. గాడి పూర్తిగా పొడిగా ఉండాలి. కంపెనీ ప్రైమర్ చెప్పి ఉంటే గోడలకి మాత్రమే పూయండి.
2. రాడ్‌ని గాడిలోకి నొక్కండి. పైన 8 మి.మీ. దాకా ఖాళీ మిగలాలి. మొన ఉన్న వస్తువుతో నొక్కితే రాడ్ చిరిగి సీలెంట్‌లో బుడగలు వస్తాయి, మొద్దు చెక్క వాడండి.
3. టేపు అంటించి, గన్‌తో ఆగకుండా సీలెంట్ నింపండి.
4. సబ్బునీళ్లలో ముంచిన చెంచా వెనకవైపుతో నొక్కుతూ లాగండి. మధ్యలో కొంచెం పల్లంగా, నేల మట్టానికి ఒక వెంట్రుకవాసి కిందుగా ఉండాలి. ఉబ్బెత్తుగా ఉంటే టైరు పీకేస్తుంది.
5. టేపు వెంటనే తీయండి.

రాడ్ ఎందుకంటే, సీలెంట్ రెండు గోడలకే అతుక్కోవాలి. అడుగుకి కూడా అతుక్కుంటే పగులు విచ్చుకున్నప్పుడు అది సాగలేక చినుగుతుంది. “రాడ్ దండగండీ, సీలెంటే నిండుగా పోసేద్దాం” అని షాపులో గానీ పని దగ్గర గానీ అన్నా వినకండి. రాడ్ పెడితే సీలెంట్ ఖర్చు కూడా తగ్గుతుంది.

12 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం లెక్కన మీటరుకి 96 మి.లీ. పడుతుంది. 600 మి.లీ. ప్యాకెట్ ఆరు మీటర్లకి వస్తుంది. సీలెంట్ రోజుకి రెండు మూడు మిల్లీమీటర్లే లోపలికి బిగుస్తుంది, కాబట్టి బండి ఎక్కించడానికి వారం ఆగండి. ఇది శాశ్వతం కాదు. కొన్నేళ్లకి ఎండకి బీటలిస్తుంది, అప్పుడు కోసి తీసి మళ్లీ నింపుకోవాలి.

## 8. కుంగిన గడి తీసి మళ్లీ వేయడం

డొల్ల, కుంగుడు ఉన్నచోట పైన పూడ్చడం వల్ల లాభం లేదు.

1. పాడైన భాగం చుట్టూ చతురస్రంగా గీసి కోయండి. వంకర ముక్కలు, సన్నటి కోణాలు వద్దు, కొత్త పగుళ్లు అక్కడి నుంచే వస్తాయి.
2. కాంక్రీటు పగలగొట్టి తీసి, కింద మెత్తటి మట్టి గట్టి పొర తగిలేవరకు తవ్వండి.
3. మొరం ఆరంగుళాల పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరనీ దిమ్మిస కొట్టండి. నల్లరేగడిని తవ్వి దాన్నే మళ్లీ పోయకండి.
4. పైన ప్లాస్టిక్ షీటు పరవండి. పిల్లరు, గోడ ఆనుకునే చోట అరంగుళం థర్మోకోల్ నిలబెట్టండి.
5. నాలుగంగుళాల మందంలో ఎం20 కాంక్రీటు, అంటే సిమెంటు 1, ఇసుక ఒకటిన్నర, 20 మి.మీ. కంకర 3 పాళ్లు. 50 కిలోల సిమెంటు బస్తాకి నీళ్లు 30 లీటర్లకి మించకూడదు. తడి ఇసుక అయితే ఇంకా తగ్గించాలి. జారుగా ఉంటే మేస్త్రికి హాయి, పగుళ్లు మీకు.
6. పెద్ద గడి అయితే 8 నుంచి 12 అడుగులకొక జాయింటు, అంగుళం లోతున కోయండి. అదే రోజు సాయంత్రం లేదా మర్నాడు పొద్దున, కంకర లేచిరానంత గట్టిపడగానే కోయాలి. రెండు రోజులు ఆలస్యమైతే కాంక్రీటు తన ఇష్టమొచ్చిన చోట పగిలి ఉంటుంది.
7. కట్టలు కట్టి నీళ్లు నిలపండి. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ (మామూలు) సిమెంటుకి కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) లాంటివాటికి 10 రోజులు. మన ఎండలకి 10, 14 రోజులు లెక్కేసుకోండి. కారుకి రెండు వారాలు, వీలైతే నెల.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

వైట్ సిమెంటు, వాల్ పుట్టీతో పూడ్చారు. రెండూ నేలకి కావు. గీకి తీసేసి, 4వ భాగం నుంచి మొదలుపెట్టండి.

పూడ్చిన చోట అంచు వెంబడి సన్నగీత వచ్చింది. గాడి పొడిగా ఉండి మాలులోని నీళ్లు పీల్చేసింది, లేదా మాలు జారుగా కలిపారు. తట్టి చూడండి. గట్టిగా ఉంటే పల్చటి ఎపాక్సీ ఆ గీతలో పోస్తే చాలు. డొల్లగా ఉంటే తీసేయాలి.

పూడ్చిన పక్కనే కొత్త పగులు వచ్చింది. కదిలే పగులుని గట్టిగా మూసేశారు. పాతదాన్ని కదపకుండా, కొత్తదాన్ని కోసి సీలెంట్ జాయింటు చేయండి.

ఎపాక్సీ జిగటగానే ఉండిపోయింది. పాళ్లు తప్పాయి లేదా సరిగా కలవలేదు. ఎన్ని రోజులు చూసినా గట్టిపడదు. గీకి తీసి మళ్లీ పోయాలి.

పైన టైల్స్ వేసి పగులు కప్పేశారు. ఆగిన పగులైతే ఫర్వాలేదు. కదిలేదైతే టైలు కూడా అదే గీతన పగులుతుంది. టైల్స్ తప్పనిసరి అయితే పగులు మీదుగా టైల్స్‌లో కూడా జాయింటు వదిలి సీలెంట్ పెట్టండి.

రంగు కలవలేదు. కలవదు. కొత్త మాలు ముదురుగా కనిపిస్తుంది, నెలలు గడిస్తే కొంత సర్దుకుంటుంది. కంటికి నచ్చకపోతే నేలంతటికీ ఫ్లోర్ పెయింట్ వేయడమొక్కటే దారి.

## 10. మేస్త్రికి అప్పగించేటప్పుడు

పని మొదలయ్యేముందే మాట్లాడుకోవాల్సినవి:

- రోజుకూలీ కన్నా మీటరు లెక్క మాట్లాడుకుంటే కోత, శుభ్రం కూడా రేటులో ఉన్నాయా అని విడిగా అడగండి. లేకపోతే చీపురుతో ఊడ్చి పాలు పోసేస్తారు.
- సామాను మీరే కొనండి, డబ్బాలు మీ ముందే విప్పాలి.
- గాడి శుభ్రం అయ్యాక మీకు చూపించిన తర్వాతే నింపాలి.
- మే నెలలో అయితే పని పొద్దున 10 లోపు గానీ, సాయంత్రం గానీ. నింపిన చోట నీడకి టార్పాలిన్ సిద్ధంగా ఉండాలి.
- పని అయిన వారానికి పూడ్చిన పొడవంతా సుత్తితో తట్టి చూస్తామని, డొల్ల ఉన్నచోట మళ్లీ చేయాలని ముందే చెప్పండి. ఆఖరి డబ్బు ఆ తట్టుడు అయ్యాకే ఇవ్వండి.